రెండు గోడల మధ్య బావి

నేను ఒక కొలత టేపును. దర్జీ మెడలో వేలాడే రకం కాదు, బావుల్లోకి దిగే రకం. చక్రానికి చుట్టుకొని అరవై మీటర్ల పొడవుంటాను. కొసన వేలెడంత ఉక్కు మూతి ఉంటుంది. అది నీళ్లకు తగిలితే ఆగి ఆగి కూస్తాను. నూనెకు తగిలితే ఊపిరి తీసుకోకుండా ఒకటే కూత పెడతాను. ఈ రెండు మాటలు తప్ప నాకు వేరే భాష రాదు.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా తీగలు అతికినావిడ గ్లాసెడు నీళ్లలో ఒకసారి, మూతెడు కిరోసిన్‌లో ఒకసారి నన్ను ముంచి, రెండు కూతలూ విని, తల ఊపి అట్టపెట్టెలో పెట్టింది. నా మాట చివరిదాకా విన్న మొదటి మనిషి ఆవిడే. అలాంటి ఇంకో మనిషి దొరకడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లూ ఒక కాంట్రాక్టరు దగ్గర ఉన్నాను. పెట్రోలు బంకుల కింద ట్యాంకులు కారుతున్నాయేమో చూసి కాగితం రాసివ్వడం అతని పని. బంకు పక్కన పాతిన గొట్టంలోకి నన్ను దించేవాడు. చీకట్లో దిగి దిగి, అడుగు ఇక ఒక గజం దూరంలో ఉందనగా, పైకి లాగేసేవాడు. "ఏం లేదు, అంతా బాగుంది" అని రాసుకునేవాడు. మనుషులు నన్ను అబద్ధం చెప్పమని ఎన్నడూ అడగలేదు. నిజందాకా పోనివ్వలేదు, అంతే.

తర్వాత అతను ఆ పని మానేశాడు. అతని సామానుతో పాటు నేనూ హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ గదికి చేరాను. అక్కడ నన్ను తీసుకున్నది హుమేరా.

హుమేరా నలభై దాటిన మనిషి. భూమిలోని నీళ్ల గురించి చదువుకుంది. ఫలానా చోట నీళ్లు చెడితే అక్కడి జనం ఆరోగ్యానికి ముప్పుందా, ఉంటే ఎంత, ఎవరికి అని తేల్చి చెప్పడం ఆమె ఉద్యోగం. నన్ను మొదటిసారి బావిలోకి దించినప్పుడు అలవాటు కొద్దీ సగంలోనే పైకి వస్తాననుకున్నాను. రాలేదు. నీళ్లు తగిలేదాకా దించింది, నేను కూసేదాకా ఆగింది, కూత విన్నాక మళ్లీ ఒకసారి పైకెత్తి దించి సరిచూసుకుంది. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషిని.

ఒక జనవరిలో ఆమెకు సైనిక స్థావరం పని అప్పగించారు. హెలికాప్టర్లు దిగే పాత స్థావరం అది. గోడ అవతల ఎర్రకుంటపల్లి అనే ఊరు, మూడు వందల ఇళ్లు. నీళ్లలో కిర్సనాయిలు వాసన వస్తోందని ఆ ఊరి ఆడవాళ్లు నలభై మంది వేలిముద్రలు, సంతకాలు పెట్టి అర్జీ పంపారు. మూడు వారాల్లో తేల్చి చెప్పమన్నారు.

స్థావరం తరఫున మా వెంట వచ్చినవాడు సుబేదార్ ఓబయ్య. కడప వైపు మనిషి, పెద్ద మీసం, మెత్తని మాట. ఎక్కడ బావులున్నాయో, ఎక్కడ మనుషులున్నారో గుర్తులు పెట్టిన పటం అతని చేతిలో ఉండేది. ఆ పటం ప్రకారం ఊళ్లో పదకొండు బోర్లు. పదకొండింటిలోనూ దిగాను. పదకొండు చోట్లా ఆగి ఆగే కూశాను. సీసాల్లో పట్టుకెళ్లిన నీళ్లు కూడా మంచివేనని పరీక్షలో తేలింది.

"సంతోషం మేడమ్. ఇంగ రిపోర్టు రాసేయండి" అన్నాడు ఓబయ్య.

హుమేరా రాయలేదు. నీళ్లు మంచివైతే నలభై మందికీ వాసన ఎక్కడ తగిలిందన్నది ఆమెకు కొరుకుడు పడలేదు. అర్జీలో మొదటి సంతకం పెట్టిన అంగన్‌వాడీ టీచరు ఇంటికి వెళ్లింది. వాసన ఏ నీళ్లకు వచ్చిందని అడిగితే, ఆవిడ నీళ్లు చూపించలేదు. పెట్టె తీసి ఒక చీర చూపించింది.

"గంజి పెట్టనీకిస్తే గిట్లొచ్చింది మేడం. ఊరంతటికి కిష్టవ్వనే ఉతుకుతుండె. అందరి బట్టలు గిట్లనే వాసనొస్తుంటే, ఊరి నీళ్లే ఖరాబైనయనుకున్నం."

"ఇప్పుడు ఉతుకుతలేదా?"

"తర్వాత, ఆమెనే కిర్సనాయిలు డబ్బ కాడ ఆరేస్తుందని ఒక్కలొక్కలు ఇచ్చుడు బందువెట్టిండ్రు. ఎవ్వలు పోతలేరు ఇప్పుడామె దిక్కు."

కిష్టవ్వ ఎక్కడుంటుందని అడిగితే టీచరు స్థావరం గోడ వైపు చెయ్యి చూపించింది. పటంలో అక్కడ ఏమీ లేదు. స్థావరానికి పాతగోడ ఒకటి, దాని అవతల వంద గజాల దూరంలో కొత్తగోడ ఒకటి. రెండింటి మధ్య తెల్లగా వదిలేసి 'ఖాళీ స్థలం' అని రాసి ఉంది.

"ఆడేముండాది మేడమ్, కంపచెట్లు, పాములు" అన్నాడు ఓబయ్య. అంటూ అంటూనే తల పక్కకు తిప్పుకున్నాడు. హుమేరా నన్ను భుజానికి తగిలించుకొని నడిచింది. కాసేపటికి వెనకాల అతని బూట్ల చప్పుడు కూడా వినిపించింది.

కంపచెట్ల వెనక ఒక గది, ఒక చాకిరేవు బండ, ఒక చేదబావి. బండ మీద ఎండిన ఆకులు పడి ఉన్నాయి. దండెం మీద ఒక్క చీర. గడప మీద అరవై ఏళ్ల మనిషి కూర్చొని ఉంది. మమ్మల్ని చూడగానే లేచి కొంగు సర్దుకుంది.

"ఎవలు బిడ్డా? ఉతకనీకి బట్టలు తెచ్చిండ్రా?"

ఆ అడగడంలో ఎంతో ఆశ ఉంది. నీళ్లు చూడటానికి వచ్చామంది హుమేరా. కిష్టవ్వ ముఖం వాడిపోయింది. అయినా పీట వేసింది. నలభై ఏళ్ల కిందట స్థావరం పెద్దలే తననూ తన పెనిమిటినీ సిపాయిల బట్టల కోసం అక్కడ పెట్టారని చెప్పింది. లోపల మిషన్లు వచ్చాక స్థావరం పని పోయింది. సిపాయిలు కొందరు, ఊరివాళ్లు కొందరు బట్టలిస్తూ వచ్చారు. ఇప్పుడు వాళ్లూ లేరు. పెనిమిటి పోయి రెండేళ్లు.

హుమేరా నన్ను బావిలోకి దించింది. చల్లని చీకటి. వెలుతురు రూపాయి బిళ్లంత అయ్యేసరికి మూతికి ఏదో తగిలింది. నేను కూశాను. ఆగకుండా కూశాను. నాలుగు వేళ్ల మందం దిగేదాకా అదే కూత. ఆ తర్వాతే నీళ్లు. కాంట్రాక్టరు దగ్గర ఆరేళ్లు మింగిన కూతంతా ఆ బావిలో బయటపడ్డట్టయింది. నాకు గర్వమేమీ కలగలేదు. పైన ఒక మనిషి ఆ నీళ్లే తాగుతోంది.

"అవ్వా, ఈ నీళ్లెట్ల తాగుతున్నవ్?" అంది హుమేరా.

"పొద్దుగాల లేసి పైన తేలేదాన్ని గుడ్డతోని తీస్త. గా గుడ్డ పొయ్యిల ఏస్తే ఎంటనే అంటుకుంటది. అడుగునీళ్లు చేదుకుంట. మొదట్ల గొంతుల దిగకపోవు. పాణం అలవాటు పడ్డది బిడ్డా." తన అరచేతులు చూసుకుంది. చర్మం పగిలి, వేళ్ల సందుల్లో ఎర్రగా ఉంది. "జర నెత్తి తిరుగుతది. గంతే."

హుమేరా తన సీసాలోని నీళ్లు ఆమెకిచ్చింది. కిష్టవ్వ ఒక గుక్క తాగి, ఆగి, మళ్లీ తాగి, సీసా అంతా ఖాళీ చేసింది. తర్వాత బావి వైపు చూసింది.

"మా ఆయినకు నెత్తురు లేదన్నరు దవాఖానల. ఎన్ని సార్లెక్కిచ్చినా నిలవకపోయె." ఆమె గొంతు తగ్గింది. "గీ నీళ్లేనా బిడ్డా, ఆయిన్ని తిన్నది? నేనే గద చేది పోసిన."

వెయ్యిమంది ఇలాంటి నీళ్లు తాగితే ఎంతమందికి జబ్బు రావచ్చో హుమేరా చెప్పగలదు. ఒక్క మనిషి ఎందుకు పోయాడో చెప్పలేదు.

"నాకు తెల్వదు అవ్వా. తెలుసంటే అబద్ధమైతది, కాదన్నా అబద్ధమే. నువ్వు తెలిసి పోయలేదు. ఇది మాత్రం నాకు తెలుసు."

కిష్టవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి హుమేరా కాగితం తీయడం చూసి గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"రాయకు బిడ్డా, దండం బెడత. నేనున్నట్టు రాస్తే ఈడికెల్లి ఎల్లగొడ్తరు. యాడికి పోవాలె నేను?"

హుమేరా చెయ్యి విడిపించుకోలేదు. "రాయకపోతే నువ్వు ఈ నీళ్లు తాగుతనే ఉంటవ్ అవ్వా" అంది. కిష్టవ్వ చెయ్యి తనంతట తానే తీసింది.

వారం తర్వాత స్థావరంలో సమావేశం. నన్నూ బల్ల మీద పెట్టారు. పెద్ద కుర్చీలో కర్నల్. 'ముప్పున్న మనుషుల సంఖ్య' అన్నచోట హుమేరా రాసిన అంకె చూసి ఆయన కళ్లజోడు తీశాడు.

"ఒక్కరేనా?"

"ఒక్కరే సార్."

"మా పటంలో అక్కడ ఎవరూ లేరే?"

గది వెనక నుంచి ఓబయ్య ముందుకొచ్చాడు. చెమట పట్టిన నుదురు తుడుచుకున్నాడు.

"ఉండాది సార్. ఆ పటం గీసినోన్ని నేనే. మనిషుండాదని రాస్తే ఖాళీ చేయించమంటారని, ఆ యమ్మకు యాడా దిక్కు లేదని, కావాలనే రాయలా. మేలు చేసినాననుకున్న్యా." కొంచెం ఆగాడు. "నా యూనిఫారాలు ఆ యమ్మే ఉతికేది. వాసనొస్తాందని నేనూ ఇయ్యడం మానేస్తి. వాసన యాణ్నించి వస్తాందో ఒక్కనాడూ అడగలా."

అదేం విచిత్రమో! ఆమెను గెంటేయాలనుకునేవాడు ఒక్కడుంటే ఆమె పేరు కాగితంలో ఎక్కేది. జాలిపడ్డవాడు ఉన్నందువల్లే ఎక్కలేదు.

"ఒక్క మనిషే కాబట్టి వేరేచోటికి పంపి, బావి పూడిస్తే సరిపోతుంది కదా" అని ఎవరో అన్నారు. హుమేరా పటం తిప్పి చూపించింది. నేల వాలు ఊరి వైపు ఉంది. లోపల హెలికాప్టర్ల కోసం పాతిన ఇంధన ట్యాంకు నుంచి కారేది ఇవాళ కిష్టవ్వ బావి దగ్గరుంది. ఆపకపోతే మరి కొన్నేళ్లకు మొదటి బోరును చేరుతుంది. ఒక్క మనిషి లెక్కకు కదలని కుర్చీలు మూడు వందల ఇళ్ల లెక్కకు కదిలాయి. కర్నల్ అక్కడికక్కడే ట్యాంకు తవ్వించమని ఆదేశం రాశాడు. కిష్టవ్వకు ఊళ్లో కుళాయి ఉన్న గది చూపించే పని తనకివ్వమని ఓబయ్య అడిగి తీసుకున్నాడు.

ట్యాంకు తవ్వితే అడుగున తుప్పుపట్టి జల్లెడలా ఉంది. దాన్ని తీసేశారు. బావికి మూతేసి, మధ్యలో ఒక గొట్టం నిలిపి, పైన తేలే నూనెను తోడుతూ వచ్చారు. మూడు నెలలకోసారి నన్ను ఆ గొట్టంలోకి దించేవారు. నాలుగు వేళ్లు మూడయ్యాయి, రెండయ్యాయి. కిష్టవ్వ చేతులు మానాయి. నెత్తురు పరీక్షలో తక్కువగా ఉన్న అంకెలు మెల్లగా పైకొచ్చాయి. ఊరివాళ్లు మళ్లీ బట్టలిచ్చారు. కానీ అనుమానం మానడానికి చర్మం కంటే ఎక్కువ కాలం పడుతుంది. బట్టలు గడప బయట పెట్టి, పిలవకుండా వెళ్లిపోయేవారు.

మేము వెళ్లిన ప్రతిసారీ ఆమె బావి దగ్గర మాకంటే ముందే ఉండేది. టిఫిను డబ్బాలో బియ్యప్పిండి సర్వప్పలు తెచ్చేది. హుమేరా తింటుంటే చూస్తూ కూర్చునేది. ఊళ్లో తనతో ఎవరూ మాట్లాడని మూడు నెలల మాటలూ ఒక్క గంటలో మాట్లాడేది. బావిలోపల నేను, బావిపైన ఆమె. ఇద్దరం దొరికిన ఆ కాస్త సమయంలోనే నోరు తెరిచేవాళ్లం.

రెండున్నరేళ్లకు ఒక మధ్యాహ్నం నా మూతి గొట్టంలో దిగింది. చీకటి, చల్లదనం, తర్వాత నీళ్లు. ఆగి ఆగి కూశాను. హుమేరా మూడుసార్లు సరిచూసుకుంది. మూడుసార్లూ అదే మాట చెప్పాను. ఆమె నవ్వింది. "అవ్వా, నూనె లేదు!"

కిష్టవ్వ నవ్వలేదు. డబ్బా మూత బిగించుకుంటూ ఉంది.

"నీళ్లు బాగైనయంటే ఇగ నువ్వు రావన్నట్టే గద బిడ్డా."

హుమేరా కాగితం మీద ఆ రోజు తేదీ వేసి, 'పరిశీలన ముగిసింది' అని రాసింది.

ఆ తర్వాత సంస్థకు తెర మీద అంకెలు చూపించే కొత్త టేపు వచ్చింది. నన్ను తుడిచి, బ్యాటరీ తీసి, అద్దాల బీరువాలో కింది అరలో పెట్టారు. పక్కన పగిలిన గరాటా, తాళంచెవి లేని తాళం. మూడు నెలలు గడిచాయి. ఎవరూ బీరువా తెరవలేదు. నా పొడవంతా నాలోనే చుట్టుకొని, దిగడానికి చీకటైనా లేక, అలా ఉండిపోయాను.

ఒక ఆదివారం ఉదయం తలుపు తాళం తెరుచుకుంది. హుమేరా. ఆఫీసుకు సెలవు. ఆమె మామూలు చీరలో ఉంది. బల్ల మీద మరిచిపోయిన గొడుగు కోసం వచ్చింది. చేతిలో మాసిన బట్టల మూట ఒకటి ఉంది. ఫోను చెవికి ఆనించుకొని మాట్లాడుతోంది.

"ఆ, ఎర్రకుంటపల్లికే. ఆఫీసు పని కాదు. లేదు, సామానేం లేదు, నేనొక్కదాన్నే."

బీరువా ముందు నుంచి నడిచింది. ఒక్క క్షణం ఆగి అద్దంలోంచి నన్ను చూసింది. తలుపు తీయలేదు. గొడుగు చంకన పెట్టుకొని, మూట గుండెకు హత్తుకొని వెళ్లిపోయింది.