ఛైను వైపు మర

పానా మళ్ళీ జారింది. సైకిలు మేస్త్రి వేళ్ళు గచ్చుకు కొట్టుకుని తోలు లేచిపోయింది. "నీ మొండితనం తగలెయ్య!" అని సైకిల్ని తిట్టి, వేళ్ళు నోట్లో పెట్టుకుని, మళ్ళీ దానికేసే మురిపెంగా చూశాడు. తిట్టిన నోటితోనే మెచ్చుకోవడం ఆయనకి అలవాటే.

అది మామూలు బండి కాదు. ఫ్రాన్సులో తయారై అరవై ఏళ్ళయిన రేసు సైకిలు. డ్రాయింగు టీచరమ్మ తండ్రి తొక్కి తొక్కి కూతురికిచ్చాడు. రేపు పొద్దున ఆవిడకి మోకాలి ఆపరేషను.

"ఆ తర్వాత నన్నెవరూ సైకిలెక్కనివ్వరు మేస్త్రీ. ఇవాళ నాలుగింటికి ఒక్కసారి ఎక్కి దిగుతాను. అవుతుందా?" అని అడిగింది.

"ఎందుకవదమ్మా!" అనేశాడు. అనేశాక ఇంకేముంది, చేసి తీరాల్సిందే.

నాలుగు రోజులుగా దానితోనే కాపురం. చక్రాల వంకర తీశాడు, అరిగిన బ్రేకు రబ్బర్లు మార్చాడు, హబ్బుల్లో గట్టిపడిన గ్రీజు పుల్లతో గీకాడు. ఇక మిగిలింది పెడళ్ళ ఇరుసు. దాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే మర కప్పుల్లో ఎడమది చెప్పినట్టు విని ఊడొచ్చింది, ఇరుసూ వచ్చింది. ఛైను వైపు కప్పే బిగుసుకు కూర్చుంది. అది ఊడితేగాని లోపలి తుప్పు కడగలేడు. బలం ఎక్కువై మర చెడిందో, ఆ కొలత కప్పు ఇప్పుడు ఎక్కడా దొరకదు. సైకిలు పాతసామానుకే.

ఛైను వైపుది ఎదురు మర, కుడికి తిప్పితే ఊడుతుంది. నలభై ఏళ్ళుగా విప్పిన ప్రతి బండీ అంతే. నిద్రలో లేపి పానా ఇచ్చినా ఆయన చెయ్యి కుడికే పోతుంది. పొద్దున్నించీ కుడికే తిప్పుతున్నాడు. కిరసనాయిలు పోశాడు, సుత్తితో తట్టాడు, పానాకి గొట్టం తొడిగి ఒళ్ళంతా వేసి వేలాడాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

వాకిట్లో ట్యూబుకి పంచరు వేస్తున్న భార్య తలెత్తింది. "ఏమయ్యా, ఆ భుజం అలా నొక్కుకుంటున్నావేం?"

"గ్యాసే."

"నీకు ఏమొచ్చినా గ్యాసే. కాలు విరిగినా గ్యాసేనంటావు. కాసేపు ఆగు."

"మాటిచ్చానే."

అయినా ఆగాడు, ఆయాసం పని సాగనిచ్చింది కాదు మరి. నేలమీద పడుకుని, టార్చి వేసి, ఎడమ కంతలోంచి లోపలికి చూశాడు. చూసి, టార్చి ఇంకా దగ్గరికి జరిపాడు.

గొట్టాలు అతికిన చోట పిసరంత మడ్డి లేదు. లోపలి అంచులు ఆకురాయితో నున్నగా తీసి ఉన్నాయి. పైన రంగు వేశాక ఈ జన్మకి ఎవరి కంటా పడని చోటు అది.

"ఒసేయ్, ఇలా రా. చూడు."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, విసుక్కుంటూనే వంగింది. చాలాసేపు లేవలేదు. "ఎవరు చూస్తారని చేశాడయ్యా ఇంత పని?" అంది, గుళ్ళో మాట్లాడినట్టు మెల్లగా.

"మహానుభావుడు! ఏ ఊరివాడో, ఏ తల్లి కన్నదో!" అన్నాడు మేస్త్రి. అంత పనిని సుత్తితో కొట్టినందుకు సిగ్గు కూడా వేసింది.

మళ్ళీ చూశాడు. బిగుసుకున్న కప్పు దాటి లోపలికి ఇంకో రెండు మర చుట్లు కనబడుతున్నాయి. ఎడమవైపు చుట్లు ఎటు వాలాయో ఇవీ అటే వాలాయి. లేచి కూర్చుని నెత్తిన ఠపీమని కొట్టుకున్నాడు.

"ఎదురు మర కాదే ఇది! ఈ ఫ్రాన్సువాళ్ళ పద్ధతి వేరు! పొద్దున్నించీ ఊడదీస్తున్నాననుకుని బిగిస్తున్నాను!"

"నలభై ఏళ్ళ సర్వీసు!" అని ఆవిడ పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు, భుజం నొక్కుకుంటూ.

ఎడమకి తిప్పాడు. ఒక్కసారి కిర్రుమని, తర్వాత వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది. తుప్పు కడిగితే కప్పులోపల బాల్సు తిరిగే దారి అద్దంలా మెరిసింది. అరవై ఏళ్ళు తిరిగిన దారిలో ఒక్క గుంట లేదు. కొత్త గ్రీజులో కొత్త బాల్సు ఒక్కొక్కటే పేర్చాడు. ఇరుసు వేసి, కప్పులు బిగించి, పెడలు వేలితో తోస్తే అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. భార్యాభర్తలిద్దరూ అది ఆగేదాకా చూశారు. ఆ తర్వాత ఆయన రేకు ముక్కొకటి కత్తిరించి, మేకుతో ఏదో చెక్కి, సీటు కింద తీగతో కట్టాడు.

సరిగ్గా నాలుగింటికి టీచరమ్మ కుంటుకుంటూ వచ్చింది. ఎక్కేటప్పుడు మేస్త్రి సీటు పట్టుకుని, పది అడుగులు నడిచి, వదిలాడు. ఆవిడ వీధి చివరిదాకా వెళ్ళింది. ఆయన వెనక్కి వచ్చి, తలుపు చెక్కకి వీపు ఆనించి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

టీచరమ్మ రెండు చుట్లు తిరిగి వచ్చి దిగింది. ముఖమంతా చెమట, కళ్ళనిండా నీళ్ళు. "మేస్త్రీ, మా నాన్న ఉన్నప్పుడు కూడా ఇంత మెత్తగా లేదయ్యా!"

"పని అయితే చాలు, కూర్చున్న చోటే కునుకు ఈయనకి," అంటూ భార్య ఆయన భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. తర్వాత ఆయన ముందు నేలమీద కూలబడి, గ్రీజు అంటిన ఆ రెండు చేతుల్నీ ఒళ్ళోకి తీసుకుంది.

మనుషులు వచ్చారు, చేయవలసింది చేశారు. గోడకి ఆనించిన సైకిల్ని ఎవరో పక్కకి జరిపితే సీటు కింద రేకు టింగుమంది. భార్య వంగి, వంకర అక్షరాలు వేలితో తడుముకుంటూ చదివింది. 'దీన్ని మళ్ళీ విప్పే తమ్ముడూ, రెండు పక్కలా ఎడమకే తిప్పాలి. నాలాగా గింజుకోకు.' చివరి చుక్క దగ్గర మేకు గట్టిగా దిగి రేకుకి చిన్న చిల్లు పడింది.