బీరువా మీద పట్టే ట్యూబా

"బీరువా మీద పట్టేదే కొనాలి," అన్నాడు భర్త, తాగిన కాఫీ కప్పు కడగమని ఆమె చేతికిస్తూ. ఆమె కొనుక్కోబోయే బాస్ ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూరా గురించి ఆయనగారు పడ్డ శ్రమ అంతా అదే. పొద్దున్నే టేపు పట్టుకుని బీరువాకూ పైకప్పుకూ మధ్య ఖాళీ కొలిచాడు.

ఊరి బ్యాండులో ఏళ్ల తరబడి ఆమె ఊదుతున్నది బ్యాండు వాళ్ల సొట్టల ట్యూబా. అదీ ఇంకొకరితో వంతులేసుకుని. సొంతంగా ఒకటి కావాలని జీతంలోంచి దాచుకుంటూ వచ్చింది. "ఆడదానికి అంత బండ వాయిద్యం ఎందుకమ్మా, బుగ్గలు సాగిపోతాయి," అనేది అత్తగారు. పొయ్యి ముందు నిలబడి నిలబడి కోడలి కాళ్లు వాచిపోయినప్పుడు మాత్రం ఆవిడకు అందచందాలు గుర్తు రాలేదు.

ఇద్దరూ వాయిద్యాల షాపులో అడుగు పెట్టగానే యజమాని ఆమెను దాటుకుని వెళ్లి భర్తకు చెయ్యి కలిపాడు. "ఎన్నాళ్లనుంచి వాయిస్తున్నారు సార్?"

"ఏదో, అలా..." అన్నాడు మహానుభావుడు.

"నేను కాదు, మా ఆవిడ," అనడానికి ఆయనకు నోరు రాలేదు. పైగా అక్కడున్న ట్యూబాల్లో అన్నిటికంటే చిన్నదాన్ని, తళతళలాడేదాన్ని ఒళ్లోకి లాక్కుని ఊదాడు. అజీర్తి చేసిన దున్నపోతు మూలిగినట్టు మోగింది. "మంచి దమ్ముంది సార్," అన్నాడు యజమాని. ఈయన నిజమే కాబోలనుకుని మీసం సవరించుకున్నాడు. ఆయన సంచీ, హెల్మెట్ పట్టుకుని ఆమె పక్కన నిలబడి ఉంది. ఆమెకు కోపం కూడా రాలేదు. ఈ మనిషి మీద కోపం దండగ అనిపించింది.

సంచీ, హెల్మెట్ ఆయన చేతుల్లో పెట్టి, మూలనున్న పెద్ద ట్యూబా దగ్గర కూర్చుంది. గట్టిగా ఊదితే నాసిరకం ట్యూబా కూడా బాగానే మోగుతుంది. అట్టడుగు స్వరాన్ని, పక్కన పసిపిల్ల నిద్రపోతోందన్నంత మెల్లగా ఊది చూడాలి. అక్కడ వణికితే పనికిరాదు. ఇది వణకలేదు. షాపంతా నిండింది. ఊపిరి అయిపోయే దాకా ఆమె ఆపలేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు సంతోషంగా ఉంది.

"ఇదే తీసుకుంటాను," అంది.

యజమాని ఆమె ముఖంలోకి చూడటం అదే మొదలు. భర్త అప్పటికే టేపు సాగదీస్తున్నాడు. "ఇది బీరువా మీద ఎక్కడ పడుతుంది? ఇంట్లో ఎక్కడ పెడతావు దీన్ని?"

"పడగ్గదిలో. మీరు పడుకునే వైపు," అంది ఆమె, పర్సు తీస్తూ. "మీరు అత్తయ్య గదిలో పడుకుందురుగాని."