సీసీల ఎవరున్నరు?

పొద్దున తొమ్మిదింటికి యాకమ్మ మడికొండ సాఫ్ట్‌వేర్ ఆఫీసు మూడో అంతస్తుల ఫినాయిలు పోసి నేల తుడుస్తది. నెత్తురు మరకలు ఎండితే పోవు, అందుకే సాయంత్రం ఇంకోసారి తుడుస్తది. నెలకు రెండు డబ్బలు సరిపోతలేవని సూపర్‌వైజరుతోని రోజూ కొట్లాడుతది.

ఆ కంపెనీల తప్పు జరిగిందని పైకి మెయిల్ పోతే, ఎవ్వరూ చెయ్యెత్తకుంటనే తప్పు చేసినోళ్ల ఒంటి మీద దెబ్బ పడుతది. మెయిల్ నకలు పోయే సీసీల టీమ్ లీడ్ ఉంటే చెంప పగులుతది. డైరెక్టర్ ఉంటే బొక్క విరుగుతది. వైస్ ప్రెసిడెంట్‌ను పెడితే ఇగ చెప్పేదేమున్నది, పోయినేడు సాయితేజ అనే పిలగాన్ని చెద్దరుల చుట్టి లిఫ్టుల కిందికి దించిండ్రు. ఆ తర్వాత హెచ్ఆర్ వాళ్లు ఒక రూలు తెచ్చిండ్రు. దెబ్బలు ఆపిండ్రనుకునేరు! మెయిల్ల పేర్లు రాయొద్దన్నరు, అంతే. 'అప్రూవ్ చేసినవారు' అని రాస్తే చాలు, రిలీజ్ షీట్ల ఆ గడిల ఎవరి పేరుంటే దెబ్బ వాళ్లను వెతుక్కుంట పోతది. ఎంత మర్యాద చూడుండ్రి!

శుక్రవారం మూడింటికి క్లయింట్ యాప్ ఆగిపోయింది. టెస్టింగ్ చెయ్యకుంటనే రిలీజ్ చెయ్యమన్నది మేనేజర్ సుదర్శన్. గడిల ఆయన పేరే ఉన్నది. టీమ్ లీడ్ పద్మలతను క్యాబిన్‌లకు పిలిచిండు.

"క్లయింటోళ్లు వైస్ ప్రెసిడెంట్‌ను సీసీల పెట్టి నన్ను మెయిల్ పంపుమంటాండ్రు. షీట్ల నా పేరు తీసి మజర్ పేరు పెట్టు."

"సార్, మజర్‌కు ఇప్పటికే రెండు పక్కబొక్కలు విరిగినయి. ఇంకోటి పడితే సచ్చిపోతడు."

"నాకు ఇద్దరు పిల్లలున్నరు పద్మలతా. మనసొప్పకుంటే నీ పేరు పెట్టుకో. రెండు నిమిషాలల్ల చెయ్యి."

పద్మలత సీటుకు వచ్చింది. పక్క సీట్ల మజర్ ఒక చెయ్యి పక్కలకు అదుముకొని, ఇంకో చేత్తోని టైపు చేస్తాండు.

"అక్కా, జర ఆ బాటిల్ తీసిస్తవా? వంగొస్తలేదు. సోమవారం మా ఇంటామె రుహీకి కాన్పు, ఇట్లనే ఉంటే బిడ్డనెట్ల ఎత్తుకోవాలె?" అన్నడు నవ్వుకుంట.

ఆమె బాటిల్ ఇచ్చి షీట్ తెరిచింది. సుదర్శన్ పేరు చెరిపి మజర్ పేరు కొట్టింది. పక్కకు చూసింది. మజర్ నీళ్లు తాగుతుంటే గొంతు కదులుతాంది. థూ, నా బతుకు అనుకున్నది. మజర్ పేరు తీసి, మళ్ల సుదర్శన్ పేరే పెట్టి షీట్ మూసేసింది.

"అయిందా?" క్యాబిన్ నుంచి కేకేసిండు సుదర్శన్.

"అయింది సార్."

ఆయనొకసారి షీట్ తెరిచి చూసుకోవచ్చు. రెండు క్లిక్కుల పని. కానీ పదేండ్లయింది ఆయన ఏ షీటూ తెరవక. మేనేజర్ అన్నోడు 'అయిందా' అని అడుగుతడు, 'అయింది' అంటే అయినట్టే. సెండ్ నొక్కిండు.

మొదటి దెబ్బకు దవడ పక్కకు పోయింది, పండ్లు కీబోర్డు మీద రాలినయి. రెండో దెబ్బకు క్యాబిన్ అద్దం పగిలి అందులనే పడ్డడు. అప్పుడు కూడ చెయ్యి మౌస్ కోసం తడుముతాంది, మెయిల్ వెనక్కి గుంజుకుందామని. మూడో దెబ్బ ఛాతి మీద పడ్డది. ఆ చప్పుడుకు కాల్‌ల ఉన్నోళ్లు మ్యూట్ పెట్టుకున్నరు. ఇగ ఆయన కదల్లేదు. యాకమ్మ బకెట్, చెద్దరు తెచ్చింది.

ఆరింటికి హెచ్ఆర్ మెయిల్ వచ్చింది. ఇగ పద్మలతనే మేనేజర్. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. ఆమె బాత్రూంలకు పోయి కక్కుకున్నది.

బుధవారం మజర్ మిఠాయి డబ్బతోని వచ్చిండు. ఐదేండ్ల సంది 'అక్కా' అనుకుంట చక్కగ లోపలికొచ్చేటోడు, కొత్త అద్దం తలుపు కాడ్నే నిలబడ్డడు.

"మేడమ్, ఆడబిడ్డ పుట్టింది."

"మేడమ్ ఏందిరా? లోపలికి రా. ఎట్లున్నరు ఇద్దరు?"

"మంచిగున్నరు. మీ దయ." డబ్బ టేబుల్ మీద పెట్టి చేతులు కట్టుకున్నడు. "ఆ దినం మీరు 'అయింది సార్' అన్నది నేను విన్న మేడమ్. గొంతు జర కూడ వణకలే. ఏమనుకోకుండ్రి, జర ఈ వారం రిలీజ్ షీట్ నాకొకసారి చూపిస్తరా?"

పద్మలత కండ్లల్ల నీళ్లు తిరిగినయి. షీట్ తెరిచి స్క్రీన్ ఆయన దిక్కు తిప్పింది. మజర్ వంగి, పక్కలు నొస్తున్నా, ఒక్కో గడి మీద వేలు పెట్టుకుంట కిందిదాక చదివిండు.