ఫోన్‌లో దొరికిన గది

అది 1982. మేనకోడలు సువార్తకు మరునాడు ఉదయమే న్యూయార్క్ ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. పొద్దున మా న్యూజెర్సీ నుంచి బయలుదేరితే నది కింది టన్నెల్ ట్రాఫిక్‌లో చిక్కుకుంటామని, ఆసుపత్రి పక్క హోటల్‌కే ఫోన్ చేశాను. నా కాన్వెంటు ఇంగ్లీషూ, గ్రేస్ విల్సన్ అనే నా పేరూ విని గుమాస్తా ఎంతో మర్యాదగా గది ఉంచుతానన్నాడు.

సాయంత్రం చీరలో ఎదుట నిలబడిన నన్ను చూసి, అదే గొంతుతో గదులు లేవన్నాడు.

"పోనీలే అత్తా. ఫోన్ బుక్‌లో తెలుగు పేర్లు చూసి ఎవరికైనా కాల్ చేద్దాం," అంది సువార్త. మనవాళ్లు అప్పట్లో అలాగే తలదాచుకునేవారు.

వీధి మూలన ఉన్న బూత్‌లో నేను ఆ పుస్తకం తెరవలేదు. అదే హోటల్‌కు ఫోన్ చేసి గది అడిగాను.

"తప్పకుండా, మేడమ్. వెంటనే రండి," అన్నాడు.

ఎదుట చీరను చూసినవాడు ఫోన్‌లో నా గొంతు గుర్తుపట్టనేలేదు.

తిరిగి వెళ్లి అతని ఎదుట నిలబడ్డాను. "వెంటనే రమ్మన్నారు, వచ్చాను."

అతను తాళంచెవి బల్లమీద పెట్టాడు.

"ఇంత జరిగాక ఇక్కడే స్టే చేద్దామా అత్తా?"

"చేస్తాం. పొద్దున నీకు ఇంటర్వ్యూ ఉంది. నాకు ఇతని మేనేజరుతో పని ఉంది."