కాదనని వంశం

నేను అత్తయ్య మంచం మీద దుప్పటి మారుస్తుంటే ముందు గదిలోంచి మా ఆయన కేకేశాడు.

"ఒకసారి ఇలా వచ్చి కూర్చో. నువ్వే తేల్చాలి."

అత్తయ్యని ఒక పక్కకి ఒత్తిగిలించి, తడిసిన గుడ్డ లాగేసి, పొడి గుడ్డ సగం తోసి ఉన్నాను. ఆ కేక ఆవిడా వింది. కళ్లు మూసుకుంది. ఆ పిలుపు ఎందుకో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. నాకు నేర్పింది ఆవిడే.

మా అత్తవారికి ఒక గొప్ప ఉంది. వాళ్ల వంశంలో మగవాడు ఎవరికీ ఎన్నడూ కాదనలేదట. పెళ్లయిన కొత్తలో ఆ మాట విని మురిసిపోయాను. ఎంత మెత్తని మనుషులో అనుకున్నాను. తర్వాత ఒకరోజు వంటింట్లో అత్తయ్య గుట్టు విప్పింది. "మగాళ్లు కాదనరే. కాదనాల్సినవన్నీ మనం అనాలి. వాళ్ల నోట ఆ మాటొస్తే ఇంటికి అప్రదిష్ట. ఆడదాని నోటికేముంది, అదెటూ చెడ్డదే." నవ్వుతూనే అంది. మామగారి బదులు కాదని, కాదని, ఆవిడ గయ్యాళి అనిపించుకుంది. ఆయన దేవుడనిపించుకుని పోయాడు.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ముందు గదిలో వాళ్లు మాట్లాడుకుంటారు. నేను పొయ్యి దగ్గర ఉంటాను. అంతా తేలాక పిలిచి, "నీ ఇష్టం" అంటారు. మా ఆయన కళ్లజోడు తీసి తుడిస్తే వద్దనాలి. కాలు ఊపుతుంటే సరేననాలి. ఇది ఎవరూ విడమరిచి చెప్పలేదు. వంటలో ఉప్పు తెలిసినట్టు తెలిసిపోయింది. మరిదిని వేరే ఇల్లు చూసుకోమని అన్నది నేనే. వాళ్ల పాప నా కొంగు పట్టుకుని నిద్రపోయేది. నేను ఆ మాట అంటున్నంతసేపూ ఆయన అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. ఆనక తమ్ముణ్ణి వీధి చివరిదాకా సాగనంపి, "ఏం చేయనురా, మీ వదిన సంగతి తెలుసుగా" అన్నాడు. ఆ పాప ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది. మా అమ్మాయి దూరపు ఊళ్లో ఉద్యోగానికి వెళ్తానంటే వద్దన్నదీ నేనే. "నాన్నయితే పంపేవాడు" అంటుంది అది ఇప్పటికీ. నేను ఊరుకుంటాను. నిజం చెబితే దానికి తండ్రి కూడా లేకుండా పోతాడు.

నేను పనికి వెళ్లే బట్టలు కుట్టే హాల్లోనూ నాకు ఇదే కొలువు. యజమాని అద్దాల గదిలోకి పిలిచి, "అక్కా, నువ్వు చెప్తే నొచ్చుకోరు" అంటాడు. నేను బయటికొచ్చి, రేపటి నుంచి పని లేదని ఆడపిల్లలకి చెప్తాను. వెనకాల నన్ను మైకక్క అంటారు. ఒకసారి ఎదురుగానే అన్నారు. "మాట ఎవరిదైతేనేం, అరిచేది మైకే కదక్కా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నన్నెవరూ కొట్టలేదు. గొంతు మీద కత్తి పెట్టలేదు. నాలుక నాదే, కదిపిందీ నేనే. అలాంటప్పుడు ఆ మాటలు నావి కావని ఎలా అనను? మిషను తొక్కుతూ ఇదే ఆలోచించేదాన్ని. గానుగెద్దుకి మొదట్లో కర్ర కావాలి. తర్వాత అక్కర్లేదు. తనంతట తానే తిరుగుతుంది. దానికి ఇష్టమై తిరుగుతోందని చూసేవాళ్లు అనుకుంటారు. కొన్నాళ్లకి ఎద్దూ అలాగే అనుకుంటుందేమో.

అత్తయ్య స్నానాల గదిలో జారిపడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "ఆపరేషన్ చేస్తే లేచి నడవొచ్చు. చేయకపోతే ఇక మంచమే. ఈ వయసులో ప్రాణభయం రెండిట్లోనూ ఉంది. ఇంట్లో మాట్లాడుకుని రండి." ఆ మాట్లాడుకోవడమే ముందు గదిలో జరిగింది. మా ఆయనా, మా ఆడపడుచూ. ఎవరి కాలు విరిగిందో ఆ మనిషి పక్క గదిలో ఉంది. ఆవిడని అడగాలని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు, ఆవిడ అలా కళ్లు మూసుకునేదాకా.

"అత్తయ్యా, మీకేం కావాలి?"

"నాదేముందే. నీ ఇష్టం."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. "నా ఇష్టం సంగతి తర్వాత. మీది చెప్పండి."

ఆవిడ పైకప్పు వైపు చూసింది. మరిచిపోయిన పేరు వెతుక్కుంటున్నట్టు పెదాలు కదిపింది. "అలా ఎవరూ అడగలేదే నన్ను. చప్పున రావట్లేదు." తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "పడుకుని పోలేను. నా గుడ్డలు నువ్వు మారుస్తుంటే రోజూ ఓసారి చస్తున్నాను. ఒక్కసారి నా కాళ్ల మీద నేను లేవాలి. వాళ్లు ఒప్పుకోరులే. వెళ్లు, వెళ్లి వద్దని అనేసి రా. నీ మీద నాకు కోపం లేదు."

దుప్పటి అంచులు పరుపు కిందికి దోపి, చేతులు కడుక్కుని ముందు గదిలోకి వెళ్లాను. అప్పటికే ఆయన కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు.

"ఈ వయసులో అమ్మని కోతకి అప్పజెప్పడమంటే... ఏమోలే. పగలూ రాత్రీ చూసుకునేదానివి నువ్వు. నీ ఇష్టం."

"అవును వదినా, మీరెలా అంటే అలా" అంది ఆడపడుచు.

"చేయించండి" అన్నాను.

అద్దం మీద చెయ్యి ఆగింది. "సరిగ్గా ఆలోచించి చెప్పు."

"ఆలోచించాను. చేయించండి."

"అది కాదూ..." అని ఆగిపోయాడు. వద్దు అన్న ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఎన్నడూ మోయని బరువు ఒక్కసారిగా ఎలా లేస్తుంది? ఆడపడుచు ఆయన మోచెయ్యి పొడిచింది. "వద్దను అన్నయ్యా." "నువ్వే అనరాదూ?" అన్నాడాయన. ఎవరూ అనలేదు. అలా నా మాట నిలబడింది.

ఆవిడ కోరికే నా నోట పలికిందా? ఈసారీ నేను మైకునేనా? కాదు. నాకు నా స్వార్థం ఉంది. ఆవిడ లేస్తే నా నడుముకి ఇంత విశ్రాంతి దొరుకుతుంది. వాసన లేని చేతులతో ఒక పూట అన్నం తింటాను. ఆవిడ కోరికా నా కోరికా ఒక దారిలోనే పోతున్నాయి. ఆవిడ ప్రాణం పోవచ్చని కూడా తెలిసే అన్నాను.

ఆపరేషన్ అయ్యాక నర్సు అత్తయ్యని లేపి నిలబెట్టింది. ఆవిడ నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసింది. "నేల ఎంత చల్లగా ఉందే" అంది, కొత్త సంగతి చెబుతున్నట్టు. కిటికీ దాకా వెళ్లి, అక్కడ నన్ను వదిలేసి, ఊచ పట్టుకుని నిలబడింది. మర్నాడు పొద్దున్నే ఆయాసం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డ అడ్డుపడిందన్నారు. మధ్యాహ్నానికి లేదు.

పరామర్శకి వచ్చినవాళ్లతో ఇల్లు నిండింది. నేను మంచినీళ్లు అందిస్తున్నాను. మా చిన్నమామయ్య, అంటే మా ఆయనకి బాబాయి, కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాడు.

"మా అన్న బతికుంటే ఆవిడని కత్తికి ఒప్పజెప్పేవాడా? కొంపలో మగాడి మాట చెల్లకపోతే ఇంతే."

"నేను మొదట్నించీ వద్దనే అనుకున్నాను బాబాయ్" అని ఆడపడుచు ఏడ్చింది. "వదిన పట్టుబట్టింది."

మా ఆయన మొహం ఎర్రబడింది. తల్లి పోయిన బాధ ఉంది. దానికంటే పెద్దగా గుచ్చుకుంది మగాడి మాట. "నా మాట చెల్లకపోవడమేంటి బాబాయ్? అందరం కలిసి అనుకున్నదే. నేనే చేయిద్దామన్నాను. దానిదేముంది, ఊ కొట్టింది."

గది చల్లబడింది. చిన్నమామయ్య మెత్తబడ్డాడు. "నువ్వంటే సరేలేరా. తల్లి మీద ప్రేమతో చేశావు." ఆడపడుచు కళ్లు తుడుచుకుని, చాప మీద కాస్త జరిగి, నాకు చోటిచ్చింది. "రండి వదినా, కూర్చోండి. మీరు మాత్రం తక్కువ చేశారా."

మా ఆయన నా ముందు నిలబడి, నా మీదికొచ్చే ఒక మాట కాయడం పెళ్లయ్యాక అదే మొదలు. దాని కోసం ఎన్నేళ్లు చూశానో! మరిది మూటలు సర్దుకున్న రోజు చూశాను. అమ్మాయి తలుపు వేసుకుని ఏడ్చిన రోజు చూశాను. కూర్చుంటే చాలు, నేను మంచిదాన్నయిపోతాను. ఏడవొచ్చు కూడా. అత్తయ్య కోసం నలుగురితో కలిసి ఏడవాలని గుండెలో ఎంత ఉందో నాకే తెలుసు.

కానీ నాదంటూ నేనన్న ఒక్క మాటా ఆయనదైపోతుంది. చెంబు కింద పెట్టాను.

"ఆయన అనలేదు చిన్నమామయ్యా" అన్నాను. "వద్దని నాతో అనిపించాలని పిలిచారు. నేను చేయించమన్నాను. ఎవరూ కలిసి అనుకోలేదు. నేనొక్కదాన్నే అన్నాను."

"నోర్ముయ్" అన్నాడు మా ఆయన.

ఆడపడుచు మళ్లీ చాప నిండా జరిగి కూర్చుంది. చిన్నమామయ్య చేతిలోని గ్లాసు నీళ్లు తాగకుండా నేల మీద పెట్టేశాడు. వాళ్ల మధ్య నుంచి వంటింట్లోకి వెళ్లాను. నా వెనక ఎవరూ రాలేదు. గట్టు పట్టుకుని అక్కడ ఒక్కదాన్నే ఏడ్చాను. ముందు గదిలో నన్ను ఏమేమి అంటున్నారో అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. అత్తయ్యని కత్తికి పంపింది నేనేనంటున్నారు. వాళ్లు అబద్ధం ఒక్కటీ చెప్పడం లేదు.