జానమ్మ తిన్న ముద్ద

కట్టంగూర్ దగ్గరి ఆ పల్లెలో మరియమాత పండుగకు గుడి ముందు భోజనాలు పెట్టేది జానమ్మే. తమ బత్తాయి తోట కాసినన్నాళ్లూ ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా ఆమె గిన్నె అక్కడికి చేరేది. మొగుడు పోయి, ఇద్దరాడపిల్లలతో నాగరాణి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆ గిన్నెతోనే బతికింది.

తర్వాత బోరు ఎండింది, తోట ఎండింది. నాగరాణి హైవే పక్కన పెట్టిన టిఫిన్ హోటల్ మాత్రం లారీలతో కళకళలాడింది. ఈ ఏడు పండుగ ముందు ఆదివారం పూజ చివర ఫాదర్, "పండుగ భోజనాలు నాగరాణమ్మ పెడుతోంది" అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. జానమ్మ కొట్టలేదు. వేళ్ల మధ్య జపమాల పూసలు నలుపుతూ కూర్చుంది.

పండుగనాడు బంతిలో ఆమె పక్కన కూర్చున్న పుల్లమ్మ, "నాగరాణిది ఎంత పెద్ద చెయ్యమ్మా!" అని మెచ్చుకుంది. జానమ్మకు ముద్ద దిగలేదు. విస్తరి మడిచి లేచిపోయింది.

ఇంటికొచ్చి భర్త ఐలేశం మీద పడింది. "నా అన్నం తిన్నది, ఇయ్యాల నాకే వడ్డిస్తాంది!"

"మంచిదే గదనే. ఆమె బతుకు నిలవడ్డది."

"నీకు తెల్వది, ఊకో."

ఆ వారంలోనే బట్టలుతికే బండ దగ్గర జారిపడి జానమ్మ కుడిచెయ్యి విరిగింది. నల్లగొండ దవాఖానలో కట్టు కట్టి పంపారు. మర్నాడు పొద్దున్నే నాగరాణి గిన్నెతో గుమ్మంలో నిలబడింది.

"ఎందుకు తెచ్చినవ్? మేం అడిగినమా?" అంది జానమ్మ.

నాగరాణి గిన్నె పెట్టి వెళ్లింది. ఐలేశం తిన్నాడు. జానమ్మ ఎడమచేత్తో అటుకులు బుక్కింది. రోజూ ఇదే తంతు. చివరికి ఒకనాడు జానమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"ఎంత మంచిదానివో ఊరికి సూపెట్టనీకె వస్తున్నవా?"

నాగరాణి గడప మీద కూలబడింది.

"నిజం జెప్పాల్నా అక్కా? నువ్వు అన్నం తెచ్చినప్పుడల్ల నా కడుపు నిండేది, గుండె మండేది. ఈమెకే ఎందుకిచ్చినవ్ దేవా, నాకెందుకియ్యలే అని ఏడుస్తుంటి. నా పిల్లలు పెద్దమ్మా అనుకుంట నీకాడికి ఉరికితే ఒళ్లంత మంటలే. నీకు ఒక్కనాడన్న మంచిమాట జెప్పిన్నా?"

జానమ్మ ఆలోచించింది. నిజమే, చెప్పలేదు. అది బిడియమనుకుంది తను ఇన్నాళ్లూ.

"మరి ఎట్ల తిన్నవే?"

"ఆకలైంది, తిన్న. తినంగ తినంగ సల్లబడ్డది. ఎన్నడు సల్లబడ్డదో నాకే తెల్వదు."

తన కడుపులో ఇప్పుడు రగులుతున్నదే ఒకప్పుడు ఈమె కడుపులోనూ రగిలిందన్నమాట. పెట్టినంతకాలం జానమ్మకు ఆ సంగతే తట్టలేదు. సిగ్గేసింది. కోపం కూడా పూర్తిగా పోలేదు. కానీ బాగా ఆకలిగా ఉంది.

"కలుపు," అంది.

నాగరాణి పప్పన్నం కలిపి నోటికందించింది. జానమ్మ కళ్లు దించుకుని తింది.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఐలేశం ఎప్పటిలాగే వానకోసం వేడుకున్నాడు. జానమ్మ ఎడమచేత్తో జపమాల పూసలు తిప్పింది. ఆఖరికి, "మా నాగరాణిని ఇచ్చినందుకు నీకు స్తోత్రం, ప్రభువా," అంది. ఆ పేరు గొంతులో కాస్త గుచ్చుకుంది. అయినా పలికింది.