గొంతు మారిన బండి

నేను ఒక మోటారు సైకిలును. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు, రెండు కార్బొరేటర్లు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది కార్బొరేటరు. చాలా బండ్లకు అది ఒకటే ఉంటుంది. నాకు మాత్రం ఒక్కో సిలిండరుకు ఒకటి బిగించి ఫ్యాక్టరీ నుంచి పంపారు. రెండూ ఒకే మోతాదులో పొయ్యాలి. ఒకటి చుక్క ఎక్కువ పోసినా నా నడక తప్పుతుంది.

మొదట నన్ను కొన్నది చీరాల పొగాకు వ్యాపారి. వేగం చూసి కొన్నానని అందరికీ చెప్పేవాడు. నడిపిన దానికన్నా తుడిపించిందే ఎక్కువ. నా మీద కూర్చుని ఫొటోలు దిగాడు. కారు వచ్చాక నా మీద గోనెపట్టా కప్పాడు. ఆ పట్టా తీసినవాడు సుందర్.

సుందర్‌ది బాపట్ల. చీరాల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. తండ్రి దావీదు మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. తల్లి ఎస్తేరమ్మ. సాయంత్రం మేము రైల్వే గేటు దాటేసరికే నా చప్పుడు ఆమెకు తెలిసిపోయేది. అలాంటి జంట చప్పుడు ఊళ్ళో మరొకటి లేదు. మేము ఇంటికి చేరేలోగా వచ్చి గేటు తీసి నిలబడేది. తొమ్మిదేళ్ళలో సుందర్ తన చేత్తో ఆ గేటు తీసిన రోజులు బహు తక్కువ.

సుందర్ కామెర్లు వచ్చి పన్నెండు రోజుల్లో పోయాడు. అప్పటికి ముప్పై ఒకటో ఏడు.

మూడు నెలలు వరండాలో ఉన్నాను. ఒక సోమవారం మాస్టారు తన సైకిలు వదిలి నా మీద బడికి వెళ్ళారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం వచ్చేసరికి గేటు తీసి ఉంది. పిండి చేతులతో నిలబడి ఉన్న ఎస్తేరమ్మ, నా మీద ఉన్నది ఎవరో చూసి లోపలికి వెళ్ళింది. మర్నాడూ అంతే. కొడుకు లేడని ఆమెకు తెలుసు. సమాధిలో దించిన పెట్టె మీద పిడికెడు మట్టి వేసి వచ్చింది. అయినా చప్పుడు వినగానే లేచేది, చూసేది, వెళ్ళిపోయేది.

నడపడం మానేస్తే సరిపోయేది. అది మాస్టారి వల్ల కాలేదు. నలభై రోజులు చూసి, మెకానిక్ మస్తాన్ దగ్గరికి తీసుకువెళ్ళారు.

"రెండు కార్బొరేటర్లూ తీసి ఒకటే పెట్టు. మైలేజీ రావడం లేదు."

"ఇన్నాళ్ళకు మీకూ మైలేజీ గుర్తొచ్చిందే. వదిలిపెట్టి పొండి మాస్టారూ, చూస్తా."

మస్తాన్ పాతవి రెండూ విప్పాడు. వేరే బండి కార్బొరేటరు ఒకటి తెచ్చి, రెండు సిలిండర్లకూ చీలే గొట్టం వెల్డింగు చేయించి బిగించాడు. తరవాత నాలుగు రోజులు నన్ను వదల్లేదు. గాలి స్క్రూ పావు చుట్టు తిప్పేవాడు, రోడ్డు మీదికి తీసుకువెళ్ళేవాడు, ప్లగ్గు విప్పి రంగు చూసేవాడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. టీ రంగు వచ్చేదాకా ఊరుకోలేదు. ఐదో రోజున మాస్టారు వచ్చారు.

"వినండి మాస్టారూ. ఒకటే పెట్టినా అదే గొంతు తెప్పించా. కళ్ళు మూసుకుంటే మన సుందర్ వస్తన్నట్టే లేదూ?"

మాస్టారు చాలాసేపు విన్నారు.

"అదే వద్దు మస్తానూ. గొంతు మారాలి."

"మైలేజీకన్నారుగా?"

"అబద్ధం చెప్పాను."

పిల్లల చేత ముప్పై ఏళ్ళు నిజం చెప్పించిన మనిషి. గేటు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పారు. మస్తాన్ ఇంజను ఆపాడు.

"నేను చెడగొట్టిన బండ్లు ఉన్నయ్ మాస్టారూ. అడిగి చెడగొట్టించుకున్నవాళ్ళయితే లేరు."

పెట్రోలు ఎక్కువ వదిలే పెద్ద జెట్టు వేశాడు. గాలి తగ్గించాడు. నా గొంతు బొంగురుపోయి, ముద్దగా, తడబడుతూ వచ్చింది. మస్తాన్ నావైపు చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం గేటు మూసే ఉంది. మాస్టారు దిగి తీసుకున్నారు. మెట్టు మీద బియ్యం ఏరుతున్న ఎస్తేరమ్మ తలెత్తింది.

"ఎవరి బండండీ ఇది?"

"మనదే. బాగు చేయించాను."

"మన బండి నాకు తెలవదా?"

ఆయన నంబరు చూపించారు. ట్యాంకు మీద సుందర్ పెట్టిన గీత చూపించారు. లెక్కల మాస్టారు కదా, రుజువు చూపితే చాలుననుకున్నారు. ఆమె ఓపికగా విని, చాట పక్కన పెట్టి, ఆయన మూసిన గేటును బార్లా తీసింది.

"మీరు లోపలికెళ్ళి కాఫీ తాగండి. వాడి బండి ఇంకా రాలేదుగా."

మర్నాడే మాస్టారు నన్ను మళ్ళీ మస్తాన్ దగ్గరికి తీసుకువెళ్ళారు. అతను చిన్న జెట్టు వేసి, స్క్రూ వెనక్కి తిప్పి, పాత గొంతు తెచ్చి ఇచ్చాడు. మేము వచ్చేసరికి ఎస్తేరమ్మ గేటు దగ్గరే ఉంది. తల వంచి విన్నది.

"అట్టాంటిదే గానీ, అది కాదు," అంది.

ఇదివరకు నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయేది. ఇప్పుడు పక్కకు జరిగి మాకు దారి ఇచ్చి, మళ్ళీ రోడ్డు వైపు తిరుగుతుంది.